బుజ్జి కార్ల భారీ హంగులు: బ్రేకుల సంగతి కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో భారీగా రూపు మార్చుకున్న బుజ్జి కార్ల మీద వచ్చిన సచిత్ర కథనాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. కార్లంటే, అందులోనూ మూడు మీటర్లకు అటూ ఇటూగా ఉండే చిన్న కార్లంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం పెట్టే మనిషిని కాబట్టి, ఆ బొమ్మలు చూసి కలిగిన సంతోషాన్ని దాచుకోలేను. ఖరీదైన స్పోర్ట్స్ కార్లను పక్కనపెట్టి ఒక దినపత్రిక ఈ చిట్టి బళ్లకు రెండు నిండు పేజీలు కేటాయించడం మెచ్చుకోవలసిన విషయం. అయితే ప్రతి బొమ్మ కిందా ఇంజిన్ అశ్వశక్తి ఎంతో, చక్రాలు ఎన్ని అంగుళాలో, రంగు ఎన్ని పూతలు వేశారో రాశారు గాని, ఆ బండి ఎలా ఆగుతుందో ఒక్క చోట కూడా రాయలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ లోటే.

ముందుగా నా వైఖరి స్పష్టం చేస్తాను. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే, స్టాక్ కండిషన్‌లో ఉన్నదే అసలైన చిన్న కారు అని, మిగిలినవన్నీ చెడగొట్టిన బళ్లని వాదించేవాళ్లు కార్ల ప్రియుల్లో చాలామంది ఉన్నారు. నేను వాళ్ల పక్షాన రాయడం లేదు. చిన్న కార్ల చరిత్రలో ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే ఘట్టాలు చాలావరకు ఎవరో ఒకరు మామూలు బండిని విప్పి, మార్చి, మళ్లీ బిగించడం వల్ల పుట్టినవే.

1959లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ విడుదల చేసిన మినీ సంగతే చూడండి. ఆలెక్ ఇసిగోనిస్ దాన్ని మామూలు కుటుంబానికి సరిపోయే పొదుపు బండిగానే రూపొందించారు. పొడవు మూడు మీటర్ల పైన ఐదు సెంటీమీటర్లు. ఇంజిన్ 848 సీసీ. ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి పెట్టి, గేర్‌బాక్స్‌ను దాని కిందనే ఆయిల్ సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) అమర్చి, చక్రాలను పది అంగుళాలకు కుదించి, మిగిలిన జాగా అంతా మనుషులకు వదిలిపెట్టారు. రేసింగ్ కార్లు కట్టే జాన్ కూపర్‌కు అదే బండిలో మరో బండి కనిపించింది. 1961లో వచ్చిన మినీ కూపర్‌లో ఇంజిన్ 997 సీసీకి పెరిగి, అశ్వశక్తి 34 నుంచి 55కి చేరింది. ఈ అంకెలు అందరూ చెప్పుకునేవే. ఎవరూ అంతగా చెప్పుకోనిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది: ఆ బండికి ముందు చక్రాల్లోని డ్రమ్ బ్రేకులు తీసేసి ఏడు అంగుళాల డిస్క్ బ్రేకులు పెట్టారు. పది అంగుళాల చక్రంలో డిస్క్ పట్టించడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. రెండేళ్ల తర్వాత కూపర్ ఎస్ వచ్చినప్పుడు ఇంజిన్‌తో పాటే డిస్కులూ పెద్దవయ్యాయి, పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బ్రేక్ సర్వో కూడా తోడైంది. మాంటె కార్లో ర్యాలీని 1964, 1965, 1967 సంవత్సరాల్లో గెలిచిన మినీలు ఆ వంశానివే. 1964లో ప్యాడీ హాప్‌కిర్క్ నడిపిన 1,071 సీసీ మినీ వెనక రెండో స్థానంలో నిలిచిన ఫోర్డ్ ఫాల్కన్‌ది వీ8 ఇంజిన్. ఆనాటి నిబంధనల్లో చిన్న ఇంజిన్లకు కొంత వెసులుబాటు ఉన్న మాట నిజమే గాని, మంచు పేరుకున్న కొండ దారి మలుపుల్లో బ్రేకుల మీద నమ్మకం లేని బండిని ఏ డ్రైవరూ అంత వేగంతో తోలడు.

ఇటలీలో కార్లో అబార్త్ చేసిందీ ఇలాంటి పనే. దాంతె జాకోసా రూపొందించిన ఫియట్ 500 1957లో బయటికి వచ్చినప్పుడు దానికి ఉన్నది రెండే సిలిండర్లు, 479 సీసీ, 13 అశ్వశక్తి. 1963లో అబార్త్ తెచ్చిన 595 దాదాపు రెట్టింపు శక్తితో, అంటే 27 అశ్వశక్తితో వచ్చింది. ఫియట్ 600 ఆధారంగా ఆయన కట్టిన రేసు బళ్లు వెనక ఇంజిన్ మూత ఎత్తిపెట్టుకుని పరుగెత్తడం పాత ఫొటోల్లో చూసే ఉంటారు. ఇవాళ చాలామంది దాన్ని అలంకారంగా అనుకరిస్తున్నారు. ఆ మూత అలా తెరిచి ఉంచింది వెనక చిన్న గదిలో ఉడికిపోయే ఇంజిన్‌కు గాలి అందించడానికి. బండి మీదుగా జారే గాలి ప్రవాహానికి కూడా అది కలిసొచ్చింది. చిన్న ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి రాబడితే ఎక్కువ వేడి పుడుతుంది, ఆ వేడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి. అబార్త్ బండిలోని ప్రతి వింత వెనకా ఇలాంటి కారణం ఒకటి కనిపిస్తుంది. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

రెనో 5 టర్బో ఇంకా సాహసమైనది. మామూలు రెనో 5లో ఇంజిన్ ముందు ఉంటుంది, ముందు చక్రాలే లాగుతాయి. 1980లో కంపెనీయే ఆ బండి వెనక సీటు తీసేసి, అక్కడ 1,397 సీసీ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఇంజిన్ పెట్టి, వెనక చక్రాలను తిప్పించి, పక్కలు బాగా వెడల్పు చేసింది. ఆ ఉబ్బిన పక్కలు చూసి బాడీ కిట్ అనుకునేవాళ్లున్నారు. లోపల వెడల్పాటి టైర్లు, ఇంజిన్‌కు గాలి తీసుకునే దారులు ఉన్నాయి కాబట్టే అవి అలా ఉబ్బాయి. మరుసటి ఏడాదే జాన్ రాగ్నోటీ దానితో మాంటె కార్లో గెలిచారు.

ఇన్ని పాత సంగతులు చెప్పడంలో నా ఉద్దేశం ఒకటే. చిన్న కారు అంటే పెద్ద కారును కుదించినది కాదు. బరువు, చక్రం, జాగా, శక్తి అనే నాలుగింటి మధ్య కుదిరిన ఒప్పందం అది. అందులో ఒకదాన్ని కదిపితే మిగిలిన మూడూ కదులుతాయి. పెద్ద కారులో రెండు వందల కిలోల బరువు పెరిగినా, చక్రం ఒక అంగుళం పెరిగినా సర్దుకుపోయే వెసులుబాటు కొంత ఉంటుంది. ఆరు వందల కిలోల బండిలో ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి చిన్న బండిని ఎక్కువగా మార్చాలనుకునేవాళ్లు పెద్ద బండి వాళ్లకన్నా ఎక్కువ లెక్కలు వేసుకోవాలి. మీ కథనంలోని బళ్లలో కొన్నింటిని చూస్తే అలా లెక్క వేసుకున్నట్టు తెలుస్తోంది. మరికొన్నింటిలో లెక్క మాటే లేదు.

చక్రాల విషయమే చూడండి. మినీకి 1984లో పన్నెండు అంగుళాల చక్రాలు ఇచ్చినప్పుడు వాటితో పాటు పెద్ద డిస్క్ బ్రేకులు కూడా వచ్చాయి; చక్రం పెరిగితే లోపల బ్రేకుకు చోటు పెరుగుతుంది, ఆ చోటును వాడుకున్నారు. ఇప్పుడు అదే ఒళ్లున్న బండికి ఫెండర్లు (చక్రాల మీది రేకులు) కోసి పదిహేను, పదహారు అంగుళాల అల్లాయ్ వీల్స్ ఎక్కిస్తున్నారు, లోపల మాత్రం పాత బ్రేకులే ఉంటున్నాయి. చక్రం బరువెక్కితే గతుకుల్లో దాన్ని అదుపు చేయడం స్ప్రింగులకూ షాక్ అబ్జార్బర్లకూ కష్టమవుతుంది. టైరు మొత్తం చుట్టుకొలత పెరిగితే స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, ఇంజిన్‌కు గేర్లు బరువవుతాయి. చక్రానికీ హబ్‌కూ మధ్య స్పేసర్లు అనే బిళ్లలు పెట్టి బయటికి జరిపితే హబ్ బేరింగ్ మీద పడే భారం పెరుగుతుంది, స్టీరింగ్ రోడ్డు గుంతను బట్టి పక్కకు లాగడం మొదలవుతుంది. ఇవేవీ ఫొటోలో కనబడవు.

ఒక ప్రదర్శనలో నేలకు ఆనించినట్టు దించిన చిన్న వ్యాన్ ఒకటి దగ్గరగా చూశాను. చక్రాలు పైభాగంలో లోపలికి వాలి, కింది అంచులు బయటికి తన్నుకుని ఉన్నాయి. చుట్టూ మూగిన కుర్రవాళ్లు ఆ వాలు చూసి మురిసిపోతున్నారు. వంగి చూస్తే టైరు బయటి అంచున కొత్త టైరుకు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. లోపలి అంచున రబ్బరు పూర్తిగా అరిగి తీగలు బయటపడ్డాయి. అంటే ఆ బండి నడిచినంత కాలం నేలను పట్టుకున్నది చక్రానికి రెండు మూడు వేళ్ల మందం మేరే. అటువంటి టైరు వర్షంలో పేలినా, జారినా లోపలివాళ్లతో పాటు ఎదురుగా సైకిల్ మీద వచ్చే మనిషి కూడా మూల్యం చెల్లించాలి. ఆ వ్యాన్ రంగు, లోపలి కుట్టుపని ఎంతో శ్రద్ధగా చేశారు. అంత చేయి తిరిగిన పనివాళ్లు ఆ టైర్ల దగ్గర కళ్లు మూసుకోవడం నాకు బాధ కలిగించింది.

జపాన్‌లో కెయ్ అనే చిట్టి కార్ల తరగతి గురించి మీరు రాసిన భాగం బాగుంది గాని, ఇంకాస్త వివరం అవసరమనిపించింది. ఆ దేశంలో 1949 నుంచీ ఈ తరగతి బళ్లకు ప్రత్యేక కొలతలున్నాయి. ఇంజిన్ పరిమితి 360 సీసీ నుంచి 1976లో 550కి, 1990లో 660కి పెరిగింది. ఇప్పటి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదు. శక్తి 64 అశ్వశక్తి దగ్గర ఆగాలని కంపెనీలు తమలో తాము ఒప్పుకున్నాయి. 1987 నాటి సుజుకీ ఆల్టో వర్క్స్ చేరిన అంకె అది. ఇంత ఇరుకు హద్దుల్లో ఆ దేశపు ఇంజినీర్లు చేసినవి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1991 నాటి హోండా బీట్ టర్బో లేకుండానే, నిమిషానికి 8,100 చుట్ల దగ్గర ఆ 64ను అందుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ఆటోజామ్ ఏజడ్-1కు తలుపులు పక్షి రెక్కల్లా పైకి తెరుచుకుంటాయి, ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, మొత్తం బరువు 720 కిలోలు. ఫెండర్లు అతికించి 1.48 మీటర్లు దాటిస్తే ఆ బండి కెయ్ తరగతి నుంచి బయటికి పోతుంది, మామూలు కారుగా మళ్లీ నమోదు చేయించుకోవాలి. ఈ నియమం వల్ల అక్కడి మోడిఫికేషన్ వాళ్లు సెంటీమీటరు సెంటీమీటరూ కొలుచుకుని పనిచేయడం నేర్చుకున్నారు. సుజుకీ జిమ్నీకి ముందు గ్రిల్లు, బంపరు, లైట్లు మార్చి పెద్ద ఎస్‌యూవీ ముఖం పెట్టే కిట్లు అక్కడ దొరుకుతాయి. అది అనుకరణే కదా అని కొందరు చిన్నచూపు చూస్తారు. నేను చూడను. బండి నడకకు అడ్డు రాకుండా, బరువు పెద్దగా పెంచకుండా, బోల్టులు విప్పితే మళ్లీ మొదటి రూపానికి వచ్చేలా చేసిన అలంకారం యజమాని ఆనందానికి సంబంధించినది, దాన్ని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంజిన్ మార్పిడి. మీ కథనంలో మోటార్ సైకిల్ ఇంజిన్ పెట్టిన చిన్న కారు బొమ్మే అన్నిటికన్నా పెద్దది. 1999లో వచ్చిన సుజుకీ హయబుసా ఇంజిన్ 1,299 సీసీ, 170కి పైగా అశ్వశక్తి. అది మినీలోనో స్మార్ట్ కారులోనో ఎక్కితే వినడానికే ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఆ మోత నాకూ ఇష్టమే. కాని మోటార్ సైకిల్ మలుపులో వాలుతుంది, దానితో పాటు ఇంజిన్ కూడా వాలుతుంది, అందుచేత ఆయిల్ ఎప్పుడూ సంప్ అడుగునే నిలుస్తుంది. కారు వాలదు. అదే మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి, పీల్చే గొట్టం గాలి పీలుస్తుంది, ఆ కొద్ది క్షణాల్లోనే బేరింగులు కాలిపోతాయి. సంప్‌లో అడ్డుపలకలు వేయడమో, ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచి పంపుతో అందించే డ్రై సంప్ పెట్టడమో తప్పనిసరి. ఆ ఇంజిన్ క్లచ్ ఒక మోటార్ సైకిల్‌నూ మనిషినీ కదిలించడానికి చేసినది, ఆరేడు వందల కిలోల బండిని రోజూ లాగడానికి చేసినది కాదు. రివర్స్ గేరు కూడా ఉండదు, విడిగా అమర్చుకోవాలి. (రివర్స్ లేకుండా బతికిన బండి లేకపోలేదు. 1962లో మ్యాన్ దీవిలో తయారైన పీల్ పీ50 పొడవు 137 సెంటీమీటర్లే, బరువు 59 కిలోలే కాబట్టి, వెనకనున్న పిడి పట్టుకుని చేత్తో తిప్పుకునేవారు.)

వీటన్నిటికీ మించి వేగం లెక్క ఒకటుంది. బండి వేగం రెట్టింపైతే ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగింతలవుతుంది. గంటకు నూట పది, నూట ఇరవై కిలోమీటర్లకు అలసిపోయే బండి కోసం పెట్టిన బ్రేకులు, రెండు మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), సన్నటి స్టీరింగ్ కడ్డీలు రెండు వందల వేగాన్ని ఎలా మోయగలవు? అంత తెలిసిన జాన్ కూపర్‌కే ఇది ప్రాణాంతకం కాబోయింది. ముందొక ఇంజిన్, వెనకొక ఇంజిన్ పెట్టి కట్టిన మినీని నడుపుతూ ఆయన ప్రమాదానికి గురై తీవ్రంగా గాయపడ్డారు. డిస్క్ బ్రేకులు పెట్టించిన ముందుచూపు గల మనిషికే అలా జరిగిందంటే, ఇంటర్నెట్‌లో వీడియో చూసి వెల్డింగ్ చేసుకునేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

లోపలి హంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. కొత్త తరం చిన్న కార్లలో స్టీరింగ్ మార్చి అందమైన చిన్న చక్రం పెట్టుకుంటే దానితో పాటు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ పోతుంది. ఛాసిస్ విడిగా లేని మోనోకోక్ బండికి పైకప్పు కూడా బలమే. దాన్ని కోసి కన్వర్టిబుల్ చేస్తే, గుమ్మాల కింది భాగాన్ని బలపరచకపోతే, కొన్నాళ్లకు తలుపులు సరిగా పడవు. వెనక సీటు స్థానంలో బిగించకుండా పెట్టిన స్పీకర్ పెట్టెలు గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు కూర్చున్నవాళ్ల తలల మీదికి వస్తాయి.

బాగా చేసినవాళ్లూ ఉన్నారని ఒక ఉదాహరణతో చెప్పాలి. హోండా వారి 1.6 లీటర్ల వీటెక్ ఇంజిన్, అంటే 160 అశ్వశక్తి ఇచ్చేది, పెట్టిన పాత మినీ ఒకటి చూసే అవకాశం నాకు దొరికింది. బయటికి చూస్తే పెద్ద ఆర్భాటం లేదు. ముందు భాగం కొద్దిగా పొడవైంది, అంతే. బానెట్ ఎత్తితే ఇంజిన్‌ను మోసే ముందు సబ్‌ఫ్రేమ్ మొత్తం కొత్తగా కట్టినట్టు తెలిసింది. పెట్రోలు గొట్టం ఇనుప రేకును దాటే చోట రంధ్రం అంచుకు రబ్బరు గ్రోమెట్ ఉంది, ఆపైన జానెడు జానెడు దూరానికి ఒక క్లిప్పు. సస్పెన్షన్‌లో ప్రతి నట్టు మీదా పక్కనున్న లోహం మీదా కలిపి పసుపు రంగు గీత గీశారు. నట్టు ఏమాత్రం వదులైనా గీత విరిగి కనబడుతుంది. ముందు పెద్ద డిస్కులు, వాటిని నొక్కిపట్టే తగిన కాలిపర్లు, వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని సరిచేసే వాల్వు ఉన్నాయి. ఇంత పెద్ద ఇంజిన్ బండికి ఎందుకని అడిగితే యజమాని ముందుగా బరువు పంపిణీ గురించీ బ్రేకుల గురించీ చెప్పారు, అశ్వశక్తి మాట చివర్లో వచ్చింది. ఆ పసుపు గీతలు నాకు ఏ మెటాలిక్ పెయింటు కన్నా అందంగా కనిపించాయి.

ఇంకొక మనవి అరుదైన బళ్ల గురించి. వేలూ లక్షలుగా తయారైన చిన్న కార్లను ఎంత కోసుకున్నా లోకానికి లోటు లేదు. కాని ఏజడ్-1 లాంటివి మొత్తం తయారైనవే ఐదు వేల కన్నా తక్కువ. అలాంటి బండిని మార్చాలనుకున్నవాళ్లు అసలు భాగాలను దాచిపెట్టి, రేకు కోయకుండా బోల్టులతో పని జరుపుకుంటే తర్వాతి యజమానికి దారి మూసుకుపోదు. తుప్పు పట్టి పాడైపోయిన బండిని తెచ్చుకుని కోస్తే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. అసలు మోడిఫికేషన్ పుణ్యమా అనే చాలా పాత చిన్న కార్లు తుక్కు కొట్టుకు పోకుండా మిగిలాయి.

ఇక మీ పత్రికకు నా విన్నపం. ఈ బళ్ల గురించి మళ్లీ రాసేటప్పుడు, తప్పకుండా రాస్తారని ఆశిస్తున్నాను, ప్రతి బొమ్మ కిందా ఇంజిన్, చక్రం, రంగుతో పాటు బ్రేకులు ఏమి పెట్టారో, మార్పుకు ముందు బరువెంత, తర్వాత ఎంత అయిందో, ఆ మార్పును అధికారికంగా తనిఖీ చేయించారో లేదో కూడా అడిగి ప్రచురించండి. జర్మనీలో మార్చిన భాగాలకు టూవ్ లాంటి వాహన తనిఖీ సంస్థల ధ్రువీకరణ లేనిదే బండి రోడ్డెక్కదు. అక్కడి కార్ల ప్రియులు ఆ ధ్రువపత్రాన్ని గర్వంగా చూపించుకుంటారు. మీ పాఠకుల్లో ఇలాంటి బండి కట్టాలని కలలు కనే పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఎందరో ఉంటారు. ఆ వయసులో పత్రికలో వచ్చిన బొమ్మ కింది రెండు వాక్యాలను కంఠతా పట్టేస్తారు. అలాగే, బొమ్మల మధ్య ఒక చిన్న చోటైనా ఆ బళ్ల అడుగు భాగానికి కేటాయిస్తే బాగుంటుంది. ఒక మంచి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లి, జాకీ ఎత్తి, సబ్‌ఫ్రేమ్, బ్రేక్ పైపులు, టైరు లోపలి అంచు ఫొటో తీయించండి. బాగా చేసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

భవదీయుడు,
మీ పాఠకుడు, ఒక చిన్న కార్ల అభిమాని